డీకన్ అనే మాట, మా వదిన చేతిలో పళ్ళెం

ఆదివారం, లక్సెట్టిపేట

గెలిచాం! మా వదిన రూతమ్మ ఇవాళ గుడిలో ప్రభు భోజనం రొట్టెముక్కల పళ్ళెం పట్టింది.

సంఘ పెద్ద దానియేలు ఎంత అడ్డుపడ్డాడని! "పళ్ళెం డీకన్లే పట్టాలె. డీకన్ అంటే పదవి, తమ్మీ. ఆడోళ్లకెట్లిస్తం?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గ్రీకులో ఆ మాటకు అర్థం బంతిలో వడ్డించే మనిషి. లాటిన్‌లోకి పోయి గురువు కింది అధికారి అయింది. ఫ్రెంచిలో డియాక్ర్, ఇంగ్లీషులో డీకన్ అయ్యేసరికి పొడుగంగీ తొడుక్కుని మెట్టెక్కి కూర్చుంది. ఇదంతా చెప్పి, "కోతపండుగ విందుకు పొయ్యి ముట్టించి, అందరికీ వడ్డించేది ఎవలు, అన్నా? మీ పదవా, మా వదినా?" అని అడిగాను.

ఆడవాళ్ళ బెంచీలు గొల్లుమన్నాయి. "గట్ల అడుగు బిడ్డా!" అంది ఒక ముసలమ్మ. పాస్టరుగారు ఒప్పుకునేవాళ్ళను చేతులెత్తమన్నారు. దాదాపు అందరూ ఎత్తారు.

తీరా పళ్ళెం అందుకున్నాక వదిన అడుగు వెయ్యకుండా ఆగిపోయింది. ఆమెను ఒక్క మాటైనా అడగకుండానే ఇంత వాదించానా అని నాకు గుబులు పుట్టింది...

ఆమె మాత్రం నేరుగా దానియేలు ముందుకే పోయి నిలబడింది. సంఘమంతా చూస్తోంది. ఆయన తలెత్తలేదు గానీ, దోసిలి పట్టాడు.