బావ పేరున్న సీసా

మంగళవారం, రాత్రి

అప్పన్నబావ కువైట్ వీసా పోయింది. మెడికల్‌లో అన్‌ఫిట్ అని, మూత్రంలో ప్రొటీన్ పోతోందని సాయంత్రం కాశీబుగ్గ ఏజెంటు ఫోన్ చేసి చెప్పాడు.

మా ఉద్దానంలో ఆ మాటకి అర్థం ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. బావ వాళ్ల నాన్న డయాలసిస్ మీదే పోయాడు. అక్క వంటింట్లో కూలబడింది. "మావకొచ్చిన కిడ్నీ రోగమే ఈయనకీ వచ్చీసింది. ఇప్పుడేటి సేత్తాం తమ్ముడూ?" అని ఏడ్చింది. బావ తల ఎత్తలేదు.

ఆ మూత్రం బావది కాదు. మెడికల్ రోజున విశాఖలో, తన పేరు రాసి ఉన్న సీసా నా చేతిలో పెట్టి, "నీదిచ్చీరా, నాకు బయమేత్తంది" అన్నాడు. నాకేం జబ్బని? నవ్వుతూనే నింపి ఇచ్చాను.

భోజనాల దగ్గర అక్క బావకి ఉప్పు లేని కూర వడ్డించింది. నాకు ఎప్పటిలాగే ఎండుచేపల పులుసు వేసింది. ఆవిడ మంచినీళ్లకి లోపలికి వెళ్లగానే, బావ నా మొహం చూడకుండా కంచాలు మార్చేశాడు.

అక్క వచ్చేలోగా గబగబా తినేశాను. ఎన్నిసార్లు పుక్కిలించినా నోట్లో ఆ చప్పదనం పోవడం లేదు.