ఆదివారం ఉంగరం

మచిలీపట్నం,
డిసెంబరు 4.

చెల్లెలు కృపాకుమారికి ప్రభువు పేరిట అన్నయ్య రాజబాబు వందనాలు. ఇక్కడ నేనూ మీ వదినా ప్రాణాలతో ఉన్నాం, దాన్నే క్షేమమనుకో. రాయపూర్‌లో నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలని మీ వదిన రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉంది.

నువ్వు నా ఫోను ఎత్తక రెండేళ్ళయింది. బెంజమిన్ బావ చేతికిచ్చి పంపిన ఉత్తరం మాత్రం అందింది. మోకాలు ఎలా ఉందని అడిగావు. చలికాలం కదా, మెట్లెక్కనివ్వడం లేదు. పని చేస్తున్నావా అని అడిగావు. చిలకలపూడిలో మా గిల్టు షాపు మూసేసి ఏడాదైంది. ముప్పయ్యేడేళ్ళు రాగికి బంగారు పూత పూసినవాడిని ఇంకెవరు పిలుస్తారు? నీ మూడో ప్రశ్నకు చివర్లో చెబుతాను. తప్పించుకోనులే.

ఆటో నడిపే అబ్బులు ఒక మెటల్ డిటెక్టర్ కొన్నాడు. కార్తీక పౌర్ణమికి మంగినపూడి సముద్రస్నానాలకు వచ్చేవాళ్ళు ఏవేవో పారేసుకుంటారు కదా, వెతికిపెడితే చేతిలో ఏదో పెడతారని. నన్నూ తోడు రమ్మన్నాడు. ఆ మిషన్ దేన్నీ చూపించదు, కూస్తుంది. ఆ కూత తెలియకపోతే రోజంతా మేకులు తవ్వుకోవాల్సిందే.

"బావా, ఇనుమైతే గురక పెట్టుద్ది. రాగి, ఇత్తడి అయితే కీచుమంటది. బంగారం ఉంగరానిది మధ్య గొంతు, అటు గురకా కాదు, ఇటు కీచూ కాదు. కూల్‌డ్రింక్ డబ్బా రేకు కూడా అట్టాగే అంటది, చూసుకో మరి" అన్నాడు.

బంగారం గురించి నాకు అబ్బులు చెప్పడమేమిటని ఒళ్ళు మండింది. మిషన్ ఇంటికి తెచ్చుకుని, దాచిన ఉంగరమొకటి తీసి పెరట్లో ఇసుక కింద పాతి విన్నాను. కీచుమంది. అబ్బులువి చెవులు కావనుకున్నాను. నెల రోజులు ఆ కీచు గొంతే బంగారమని బట్టీపట్టాను.

పౌర్ణమి మర్నాడు పొద్దున్నే బీచ్‌కి వెళ్ళాం. కీచుమన్న చోటల్లా తవ్వాను. ఒక ఇత్తడి దీపం, రాగి తీగ, మూడుసార్లు మన చిలకలపూడి గిల్టు కమ్మలు. మధ్య గొంతు వినపడితే రేకని దాటిపోయాను. నేను దాటిన చోటే అబ్బులు తవ్వి పెళ్ళి ఉంగరం తీశాడు.

"ఏంటి బావా, బంగారాన్నొదిలేసి రాగి మీద పడ్డావ్!" అని పగలబడి నవ్వాడు.

ఇంటికొచ్చి, పెరట్లో పాతి విన్న ఆ ఉంగరాన్ని ఆకురాయితో గీశాను. ఎర్రగా రాగి బయటపడింది. పందొమ్మిదేళ్ళప్పుడు నేను పూసిన పూతే. నా పూతను పట్టేవాడు బందరులో లేడని గొప్పలు పోయేవాడిని. నేనూ పట్టలేకపోయాను.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. "అన్నయ్యా, అమ్మని సమాధి చేసిన రోజు ఒక్క నిమిషంలో గదిలోంచి వచ్చేశావు. వాచిన వేలి నుంచి ఉంగరం సబ్బు లేకుండా ఎలా తీశావు? నేను నర్సుని. నిజం చెప్పు" అని రాశావు.

తియ్యలేదమ్మాయ్. అమ్మ చర్చికి నాన్న తొడిగిన బంగారు ఉంగరం పెట్టుకునేది, మిగతా రోజులు నేను చేసిచ్చిన గిల్టుది. వేలికి లేనిది బిస్కెట్ల డబ్బాలో ఉండేది. "అమ్మని గిల్టుతో పంపొద్దు, నాన్న ఉంగరం తొడుగు" అని నువ్వు ఏడ్చావు. నేను లోపలికెళ్ళి వేలూ ముట్టుకోలేదు, బిస్కెట్ల డబ్బా మూతా తియ్యలేదు. బయటికొచ్చి "మార్చాను" అన్నాను. మట్టికి బంగారమెందుకు, ముందు ముందు మాకు పనికొస్తుందనుకున్నాను. తర్వాత అమ్మడానికీ ధైర్యం చాలలేదు. పెరట్లో పాతింది ఆ డబ్బాలో ఉంగరాన్నే.

రాగి కనపడగానే మీ వదినే బంగారాన్ని అమ్మేసి ఉంటుందని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ అన్నం కలుపుతూ తలెత్తకుండా అంది:

"అత్తయ్య పోయింది ఆదివారం కదండీ. చర్చి నుంచి వచ్చి, ఉంగరం మార్చుకోకుండానే పడుకుంది."

అమ్మ ఏ రోజు పోయిందో నాకే గుర్తులేదు. డబ్బా మాత్రం రెండేళ్ళూ గుర్తుంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను కృపా.

నిన్న మిషన్ తీసుకుని గూడూరు సమాధుల దొడ్డికి వెళ్ళాను. తవ్వడానికి కాదు, ఆ మధ్య గొంతు ఒక్కసారి విందామని. అమ్మ సమాధి మీద అటూ ఇటూ ఎంతసేపు తిప్పినా ఏమీ పలకలేదు. మూరెడు లోతు దాటితే దానికి వినపడదని అబ్బులు తర్వాత చెప్పాడు.

నువ్వు నిజం చెప్పమన్నావు. అమ్మ వేలికి ఉన్నది బంగారమే. నేను అమ్మకు ఉంచాననుకున్నది మాత్రం గిల్టే.

ఇట్లు,
నువ్వింకా అలా పిలవగలిగితే,
మీ అన్నయ్య
రాజబాబు