గాడిద మీద నువ్వు

సుభద్రా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. సాయంత్రం సరోజ వాళ్ళు ఎడిసన్‌లో వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. తిన్నాక గోడకి తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, మీ నలుగురు ఆడవాళ్ళూ ఆ గ్రీసు దీవికి వెళ్ళొచ్చినప్పటి ఫోటోల ఫిల్ము స్లైడ్స్ వేసింది సరోజ.

అప్పుడు నాకు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే, "ఏముందండీ, ఎండా, మెట్లూ" అన్నావు. నమ్మేశాను. తీరా చూస్తే నీలం సముద్రం, తెల్లటి ఇళ్ళు, వాటి మధ్య గాడిదనెక్కి నోరంతా తెరిచి నవ్వుతూ నువ్వు! ఇన్నేళ్ళ కాపురంలో నా జోకులకి నీ పళ్ళు కనబడింది లేదు. కుళ్ళుతో ఒళ్ళు మండిపోయింది నాకు. సముద్రాన్ని చూసి కాదు, ఆ గాడిదని చూసి.

"నేను లేకుండా అంత నవ్వు దేనికమ్మా?" అని సరోజని అడిగేశాను.

"ఏమీ అనుకోరుగా అన్నయ్యగారూ? ఎంత అదిలించినా అది కదిలితేనా! 'అచ్చం మా ఆయనేనే, సోఫాలోంచి లేపుతున్నట్టే ఉంది' అని ఒకటే నవ్వు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

వచ్చేటప్పుడు ఆ స్లైడ్ అడిగి తెచ్చుకున్నాను. మనకి ప్రొజెక్టర్ లేదుగా, పొద్దున్నుంచీ వంటింటి కిటికీ వెలుతురుకి పెట్టి చూస్తున్నాను. గాడిద ఇంకా కదల్లేదు. మంచిదే. కదిలిందంటే నిన్ను తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోతుంది.

మీ ఆయన