వణకడం మానేసిన పిల్ల

జనవరి 22, మధ్యాహ్నం

చిరంజీవి కోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇంట్లో మనుషులం బాగానే ఉన్నాం. కొట్టంలో మాత్రం ఇద్దరు ఎక్కువయ్యారు. ఆ కబురు చెబుదామనే ఈ ఉత్తరం.

నిన్న పొద్దున మన చుక్కల మేక ఈనింది. నేను వెళ్లేసరికి పిల్లలు రెండూ తడిగడ్డిలో పడి ఉన్నాయి. తలుపు సందులోంచి ఒకటే చలిగాలి. ఒక పిల్ల గజగజ వణుకుతూ అరుస్తోంది. రెండోది కిక్కురుమనడం లేదు. మీ మామయ్యగారు అరిచేదాన్ని చంకనేసుకుని పొయ్యి దగ్గరికి పరుగెత్తారు. రెండోది హాయిగా నిద్రపోతోంది, కదపొద్దని నాకు చెప్పి మరీ వెళ్లారు.

కిందటి సెలవుల్లో నీ పశువైద్యం పాఠం ఒకటి నాకు కథలా చెప్పావు, గుర్తుందా? మెదడు అడుగున చిన్న చోటు ఉంటుందనీ, చర్మం చలి కబురు పంపగానే అది ఇంటిపెద్దలా పెత్తనం అందుకుంటుందనీ అన్నావు. చెవులకీ కాళ్లకీ పోయే నెత్తురు తగ్గించి లోపలి వేడి కాపాడుతుందట. రోమాలు నిక్కబొడిపిస్తుందట. కండల్ని వణికించి వేడి పుట్టిస్తుందట. ఒళ్లు మరీ చల్లబడితే ఆ పెద్దకే మగత కమ్ముతుందట. “వణికేదానికి ఇంకా ఓపికుందత్తయ్యా. చల్లబడి వణకడం మానేసిందే, దాని కోసం పరుగెత్తాలి” అన్నావు.

ఆ రెండోదాని నోట్లో వేలు పెట్టి చూశాను. గచ్చులా చల్లగా ఉంది. గబగబా గోనెతో తుడిచి, స్వెట్టరు లోపల గుండెలకి అదుముకుని కూర్చున్నాను. తిరిగొచ్చిన మామయ్యగారు దానికి పాలు పడదామన్నారు. ముందు వేడి, తర్వాతే పాలు అన్నాను. ఎన్నడూ లేనిది, నా మాట విన్నారు. చాలాసేపటికి నా గుండెల దగ్గర పిల్లకి సన్నగా వణుకు మొదలైంది. వణుకు చూసి సంతోషపడటం నాకు ఈ జన్మలో అదే మొదలమ్మా. అది చప్పరించడం మొదలెట్టాక ముర్రుపాలు పట్టాం.

ఇవాళ రెండూ తల్లి పొదుగు కుమ్ముతున్నాయి. తానే బతికించానని మామయ్యగారు పక్కింటావిడకి చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ.

వేళకి తిను.

నీ అత్తయ్య

తా.క. మావాడు నోరు జారాడు. ఆ పాఠంలోనే పరీక్ష తప్పావట. నా మోకాళ్ల నొప్పి వంక పెట్టి, చదువు మానేసి వచ్చేస్తానన్నావట. నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. నాలాంటిదానికి అర్థమయ్యేలా చెప్పినదానివి, ఆ పరీక్ష పెట్టేవాళ్లకి చెప్పలేకపోవడమేమిటి? పెట్టె సర్దేసి ఉంటే విప్పెయ్. పరీక్ష మళ్లీ రాద్దువుగాని.