ఈ అంకెలు ఎవరికీ చెప్పవద్దు

ఈ కుటుంబానికి పెద్దక్కను, యాభై ఆరేళ్లదాన్ని, అవివాహితను, ఒక సాఫ్ట్‌వేరు సంస్థలో భద్రతా విభాగపు ఉద్యోగిని అయిన నేను, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. తెలివి నిలకడగానే ఉందనడానికి రుజువుగా ఈ ఉదయం సంగతి ముందుగా రాస్తున్నాను.

అయిదున్నరకు లేచి మొహం కడుక్కుని, కిటికీ పక్క చెక్క కుర్చీలో ప్రార్థనకు కూర్చున్నాను. రెండో నిమిషంలో ఫోను గుయ్‌మంది. మరదలు. నేల తుడిచే మరబొమ్మ ఏదో తగ్గింపు ధరకు వచ్చిందట, ఆరంకెలు చెప్పమంది. చెప్పాను. మళ్లీ కళ్లు మూసుకున్నాను. దేవుడు ఎక్కడ ఆపానో గుర్తుపెట్టుకునే ఉంటాడు, ఆయనకు అలవాటే.

ఆరంకెల సంగతి తెలియని అమలుదారుల కోసం ఈ వివరణ. పదకొండేళ్ల క్రితం తమ్ముడు ఒకే ఏడాదిలో మూడు ఫోన్లు పోగొట్టుకుని, తాత్కాలికంగా నా నంబరు ఇచ్చుకున్నాడు. ఆ తాత్కాలికం ఇంకా నడుస్తోంది. తరువాత మరదలు, ఆ తరువాత చిన్నచెల్లి. వాళ్లు ఏది తెరిచినా, కొన్నా, ఎక్కినా అనుమతి అంకెలు నా ఫోనుకే వస్తాయి. నేను చదివి వినిపించాలి. ఆ సందేశాల చివర "ఈ అంకెలు ఎవరికీ చెప్పవద్దు" అని ఉంటుంది. చాలా సంస్థలకు ఆ సందేశాలు పంపేది మా కంపెనీయే. ఆ వాక్యం రాసింది నేనే.

ఆరున్నరకు, ఎవరికీ చెప్పకుండా, స్కానింగు కేంద్రానికి వెళ్లాను. నెల రోజులుగా మెడలో చిన్న గడ్డ. అక్కడి అమ్మాయి "ఫోను లోపలికి రాకూడదమ్మా" అని సొరుగులో పెట్టి తాళం వేసి, పద్నాలుగో నంబరు బిళ్ల ఇచ్చింది. నలభై నిమిషాలు స్కానింగు యంత్రపు గొట్టంలో కదలకుండా పడుకున్నాను. పదకొండేళ్లలో ప్రార్థన మొదటిసారి పూర్తయింది.

బయటికొచ్చి చూస్తే ముప్పై ఒక్క మిస్డ్ కాల్స్. విమానాశ్రయంలో తమ్ముడి టిక్కెట్టు తెరుచుకోలేదు, విమానం వెళ్లిపోయింది. చిన్నచెల్లి నడక నుంచి ఏడింటికి తిరిగొచ్చి, తన ఇంటి తలుపు ముందే నిలబడిపోయింది. తమ్ముడి సందేశం యథాతథంగా: "అక్కా, నువ్వు ఆస్పత్రిలో ఉన్నట్టు చూపిస్తోంది, ఏమైంది? సరే అది తర్వాత, ముందు ఆరంకెలు చెప్పు."

ఫలితం వారంలో వస్తుంది. భయం లేదనే అన్నారు. అయినా నలభై నిమిషాలకే ఇలా ఉంటే, శాశ్వతంగా సొరుగులోకి వెళ్తే వీళ్ల గతేమిటి? అందుకే ఈ ఏర్పాట్లు.

1. తమ్ముడికి నా చక్రాల పెట్టె. ఒక చక్రం తిరగదు. అడిగి తీసుకెళ్లి, తిరిగిచ్చేటప్పుడు "ముందే ఇలా ఉందక్కా" అన్నది అతనే గనుక కొత్తగా వివరించనక్కర్లేదు. ఈ ఉదయం తప్పిపోయిన విమానం తాలూకు నా సానుభూతి కూడా సర్వహక్కులతో అతనికే.

2. మరదలికి నా లాప్‌టాపు కెమెరా కంటికి అంటించిన గాయాల పట్టీ. తన వంటింట్లో కెమెరా పెట్టుకుని, ఒకసారి నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆఫీసు నుంచే "వదినా, సింకు దగ్గర నిలబడి ఏడుస్తున్నారేంటి?" అని ఫోను చేసిన మనిషి. ఉల్లిపాయలన్నాను. చేతిలో ఉల్లిపాయ లేదని తనకు కనిపించే ఉంటుంది. అడగలేదు. అందుకు కృతజ్ఞతగా నా ఊదారంగు పట్టుచీర కూడా ఇస్తున్నాను.

3. మా మేనేజరుకు పైన చెప్పిన వాక్యం. తనదేనని మూడు సభల్లో చెప్పుకుని ఇప్పటికే అనుభవిస్తున్నారు గనుక, విడిగా దఖలు పరచడం లేదు.

4. తమ్ముడి కూతురు, నా మేనకోడలు, ఈ వీలునామాకు అమలుదారు. చెక్క కుర్చీ ఆమెది. నా ఫోనులో "నీ క్షేమం కోసమే అత్తా" అంటూ నేను ఎక్కడున్నదీ అందరికీ చూపించే చుక్క పెట్టింది ఆమే. నా తదనంతరం ఫోను తెరిచి చూడకుండా మొత్తం చెరిపివేయవలెను. అందులో రహస్యాలేమీ లేవు. లేవని తెలిస్తే నా పరువు పోతుంది.

5. నా నంబరును నేను పోయిన మూడో రోజుకల్లా రద్దు చేయించవలెను.

6. చిన్నచెల్లికి నా ఉన్ని శాలువా. వేలు పెడితే తెరుచుకునే తాళం రెండేళ్ల క్రితమే కొనిచ్చాను. "నా వేలిని గుర్తుపట్టట్లేదక్కా" అంటూ రోజూ ఏడింటికి అంకెలే అడుగుతుంది. శాలువాకు వేలు అక్కర్లేదు.

ఇంతవరకు మధ్యాహ్నం రాసినది. సాయంత్రం జరిగింది కూడా ఇందులో భాగమే.

ఆరింటికి నలుగురినీ వీడియో కాల్‌లోకి పిలిచి పై అంశాలు చదివాను. మరదలు "గడ్డ ఎంతుంది వదినా?" అంది. ఆరో అంశం దగ్గర మేనకోడలు ఆపింది. ఇలాంటివి తవ్వడంలో దిట్ట, అప్పటికే చెల్లి తాళం ఎప్పుడెలా తెరుచుకుందో చూపే చిట్టా తెరిచి చూస్తోంది. రెండేళ్లుగా ప్రతి సాయంత్రం ఆ తలుపు చెల్లి వేలితోనే తెరుచుకుంది. ఉదయం మాత్రమే అంకెలు.

"మరి పొద్దున బయటెందుకు నిలబడ్డావు చిన్నత్తా?" అని అడిగింది.

చెల్లి "అక్క ఎత్తలేదు," అంది. "రోజూ ఏడింటికి ఎత్తుతుంది. ఎత్తకపోతే నేను లోపలికెళ్లి ఏం చెయ్యను?"

కుటుంబం తీర్మానించినది ఇది. తమ్ముడూ మరదలూ ఆదివారంలోగా తమ తమ నంబర్లకు మారాలి. చెల్లి తలుపు మాత్రం నేనున్నంతకాలం నా నంబరు మీదే ఉంటుంది. చుక్క తీసేస్తారు, ఎక్కడున్నావని నోటితోనే అడుగుతారు. తరువాతి పరీక్షకు చెల్లి వెంట వస్తుంది. నేను గొట్టంలో ఉన్నంతసేపూ పద్నాలుగో సొరుగుకు పని లేదు, ఫోను ఆమె చేతిలో ఉంటుంది. ఆదివారం దాటినా మారనివాళ్లు ఎవరైనా అంకెలు అడిగితే, ఎవరికీ చెప్పకూడదని ఆమే చెబుతుంది.

నవంబరు నాలుగు, మంగళవారం, సాయంత్రం ఏడుంబావు.

(సంతకం) పెద్దక్క

చూసి సంతకం చేసినవారు:
ఎదురింటి పళ్ల డాక్టరమ్మ
మా భవనం లిఫ్టు మెకానిక్కు