టీవీలో అమ్మ గొంతు

ఆదివారం, తిరువూరు

ప్రభుత్వ ఛానల్లో పాత సంగీత కార్యక్రమాలు మళ్ళీ వేస్తున్నారని మధ్యాహ్నం అమ్మ స్నేహితురాలు ఫోన్ చేసింది. టీవీ పెట్టేసరికి లంగా ఓణీలో, రెండు జడలతో అమ్మ. బెజవాడలో కాలేజీ చదివే రోజుల్లో పాడిన లలిత గీతం. ఆ గొంతు ఎంత హాయిగా ఉందో.

నాన్న అన్నం ముందు అలాగే ఉండిపోయారు. పెళ్ళైన కొత్తలో, కోడలు పాటలు పాడటమేంటని నానమ్మ అన్నప్పుడు ఆయన కల్పించుకోలేదట.

"ఇంత బాగా పాడతావని నాకు తెలీదు. ఒకసారి పాడవూ?" అన్నారు.

"ఇంటి పక్కన మన రైస్ మిల్లు ఆడినన్నాళ్ళూ వంటింట్లో పాడుకుంటూనే ఉన్నానండి. ఆ చప్పుడులో మీకు వినపడలేదు," అంది అమ్మ, మామూలుగానే. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు మాత్రం వినపడేది. చిన్నప్పుడు వెనకనుంచి అమ్మను వాటేసుకుని వీపుకి చెవి ఆనిస్తే పాటంతా తెలిసేది.

ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆమెకు ఆయాసం. ఇంక పాడగలదో లేదో...

నాన్న చెయ్యి కడుక్కుని, టీవీ కట్టేసి, వంటింట్లో అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. మళ్ళీ అడగలేదు. చాలాసేపటికి అమ్మ సన్నగా పాట ఎత్తుకుంది. నేను హాల్లోనే ఉండిపోయాను.