మొదటి దొప్ప

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే నాయిన ఫోన్. ఈస్టర్ మర్నాడు అందరం మీ దగ్గరికే వస్తున్నం బిడ్డా, ప్రాజెక్టు ఒడ్డున మస్తుగ దావత్ చేసుకుందాం అన్నాడు. యాలాల్ నుంచి నాయిన, అమ్మ, తమ్ముడు చంద్రకాంత్, మరదలు రెబెక్క, పిల్లలు. మటన్ తమ్ముడు తెస్తాడట. కల్లు నాయినే స్వయంగా చెట్టు దగ్గర దింపించుకొని తెస్తాడట.

రండి నాయినా అన్నాను. ఇంకేమంటాను? ఫోన్ పెట్టాక చూసుకుంటే ఒక చెప్పు ఇంకా కాలికే ఉంది.

ఏప్రిల్ 14

ఎవరికీ చెప్పలేనిది ఇక్కడైనా రాసుకుంటాను.

జనవరిలో ఇమ్మానుయేలు రక్తం కక్కుకున్నాడు. డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, లివర్ పాడైందమ్మా, మీ ఆయన ఇంకొక్కసారి తాగితే నా చేతుల్లో ఏమీ ఉండదు అన్నాడు. మా వాళ్ళకు టైఫాయిడ్ అని చెప్పాను. అట్లా చెప్పమన్నది ఇమ్మానుయేలే. మీ నాయినకు తెలిస్తే నేను ఆయన ముందట తలెత్తి నిలవడలేను అన్నాడు.

అప్పటి నుంచి ముట్టలేదు. శ్రమదినాలు మొదలయ్యాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఈస్టర్ దాకా మావాళ్ళలో ఎవరూ తాగరు, ఎవరూ పొయ్యరు. మా అల్లునికి ఎంత భక్తో అని నాయిన యాలాలంతా చెప్పుకున్నాడు. ఆ భక్తి వచ్చే ఆదివారంతో అయిపోతుంది. ఆ తర్వాత ఏం సాకు చెప్పాలి?

ఏప్రిల్ 16

నాయినకు చెప్పేస్తానన్నాను. ఇమ్మానుయేలు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చెప్పినవంటే సీదా పోయి కల్లు కాంపౌండ్‌ల కూసుంట, నీ ఇష్టం అన్నాడు.

నాకు కోపం రాలేదు. భయమేసింది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఆశ వినిపించింది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

మధ్యాహ్నమంతా చర్చిలోనే. ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. సిలువ మీద ప్రభువు దప్పిక గురించి అయ్యగారు చెప్తుంటే మగవాళ్ళ వైపు చూశాను. ఇమ్మానుయేలు అప్పటికే నన్ను చూస్తున్నాడు.

ఏప్రిల్ 20, ఈస్టర్

ఇమ్మానుయేలే ఒక ఉపాయం చెప్పాడు. గ్యాస్ ట్రబుల్, ట్యాబ్లెట్లు వాడుతున్న, కల్లు పడదు అంటాడట. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ప్రభువా, రేపటి ఒక్క రోజు దాటించు.

ఏప్రిల్ 21, సాయంత్రం

అక్షరాలు వంకర పోతున్నాయి. అయినా రాయాలి.

పొద్దున్నే ఆటోలో దిగారు. బోటింగ్ వైపు సిటీవాళ్ళు ఉంటారని కట్ట దాటి అవతల వేపచెట్టు కింద తాటిపత్రి పట్టా పరిచాం. పిల్లలు నీళ్ళల్లో రాళ్ళు విసురుతుంటే అమ్మ అరుపులు. మూడు రాళ్ళ పొయ్యి మీద మటన్ ఇమ్మానుయేలే వండాడు. నవ్వుతూ, అందరినీ నవ్విస్తూ. నా చూపు మాత్రం తడి గోనెసంచి కప్పిన కల్లు లొట్టి మీదే. రెబెక్క రెండుసార్లు అడిగింది, ఏమైంది వదినె గట్లున్నవ్ అని. ఎండ అన్నాను.

నాయిన మోదుగాకు దొప్ప కుట్టి నింపాడు. దా అల్లుడా, గిన్ని దినాలు నోరు కట్టుకున్నవ్, మొదటి దొప్ప నీదే అన్నాడు.

ఇమ్మానుయేలు చేతులు తుడుచుకున్నాడు. ఇప్పుడు చెప్తాడు, గ్యాస్ అంటాడు, ట్యాబ్లెట్లంటాడు అని చూస్తున్నాను. దొప్పను రెండు చేతులా అందుకున్నాడు. దాంట్లోకి చూశాడు. మా పెళ్ళిలో నన్నయినా అట్లా చూడలేదు.

ఎట్లా లేచానో తెలియదు. లాక్కొని గటగటా తాగేశాను. పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టనిదాన్ని.

అందరూ నోళ్ళు తెరిచారు. ముందు నవ్వింది తమ్ముడే. నాయిన వార్నీ నా బిడ్డ అని అల్లునికి ఇంకోటి పోశాడు. అదీ తాగాను. ఇంకోటి. అదీ. ఏందే గిది, జర సిగ్గుందా అని అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఇయ్యాళ ఆయన వాటా నాదే అన్నాను. నాయినకు నవ్వాపుకోలేక కళ్ళలో నీళ్ళొచ్చాయి. అల్లుడా, నా బిడ్డ నీకు చుక్క గూడ మిగిలియ్యదు అన్నాడు. ఇమ్మానుయేలు కూడా నవ్వాడు. చేతులు మాత్రం ఇంకా దొప్ప పట్టుకున్నట్లే ఉన్నాయి.

తర్వాత గట్టు మీద పడ్డానట. అమ్మ ప్రాజెక్టు నీళ్ళతో ముఖం కడిగిందట. లొట్టి ఖాళీ చేసే అందరూ ఆటో ఎక్కారు. అల్లునికి చుక్క గూడ దక్కలేదని ఎక్కుతూ కూడా నాయిన నవ్వుతూనే ఉన్నాడు. ఇమ్మానుయేలు ఒక్క చుక్క తాగలేదు. ఒక్క చుక్క! నవ్వుకోనీ, ఊరంతా నవ్వుకోనీ.

ఏప్రిల్ 22

తల పగిలిపోతోంది. ఇమ్మానుయేలు చాయ్ పెట్టి తెచ్చాడు. నా గ్లాసు ఖాళీ అయ్యేదాకా మంచం పట్టె మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, ఎట్లుండె అని అడిగాడు.

ఏది అన్నాను.

నిన్నటిది అన్నాడు.

థూ, పులిసిపోయింది అన్నాను.

తియ్యగా ఉంది. నిన్నటి కల్లు చాలా తియ్యగా ఉంది.